చిట్టాలో లేని రెండు వరుసలు

నలభై ఏళ్ళ ఉద్యోగంలో నేను రాసిన ప్రోగ్రాముల్లో ఇప్పటికీ నడుస్తున్నది ఒక్కటే. మిగతావాటిని కాలేజీవాళ్ళు ఒక్కొక్కటిగా పీకేసి, బజార్లో దొరికేవి కొని పెట్టుకున్నారు. ఈ ఒక్కటి మాత్రం మా ఇంటి నేలమాళిగలో, బట్టలుతికే మిషను పక్కన, మూత ఊడిన పాత కంప్యూటర్లో ఇరవై రెండేళ్ళుగా నడుస్తోంది. మొత్తం మూడొందల వరుసలు కూడా ఉండవు. దానికి బొమ్మల్లేవు, నొక్కే బొత్తాల్లేవు. నల్లటి తెర మీద, ఫలానా రోజు ఫలానా పని, అని ఒక్క వరుస టైపు చేస్తాం. ఆ రోజు నుంచి అది పొద్దున్నే గుర్తుచేయడం మొదలుపెడుతుంది. పని పూర్తయ్యాక 'అయింది' అని కొట్టాలి. కొట్టేదాకా రోజూ చెబుతూనే ఉంటుంది.

దాని పేరు లెంపి. అది మా ఆవిడ పేరు.

అప్పట్లో ఆవిడ రోజుకి మూడుసార్లు ఆఫీసుకి ఫోన్ చేసేది. కారుకి ఆయిలు మార్పించాలి, మా అమ్మ పుట్టినరోజు, ఇంటి కప్పు మీద మంచు తోడాలి. నేను సరేనని ఫోన్ పెట్టేసి మరుక్షణం మరిచిపోయేవాణ్ణి. ఒక శనివారం మా ఆవిరిస్నానం గది, సౌనాలో వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ, "నీ తలకాయ నీ భుజాల మీదే పెట్టుకు తిరగవయ్యా వెర్నర్. ఎన్నాళ్ళని నేను మొయ్యను?" అంది. మర్నాడు ఆదివారం చర్చి ఎగ్గొట్టి ఆ ప్రోగ్రాం రాసేశాను. పేరు చూసి లెంపి నడుం మీద చెయ్యి వేసుకుంది. నా పేరైతే వాడుకున్నావు, జీతం ఎవరికిస్తావు, దానికా నాకా అని అడిగింది.

ఆవిడ బడిలో పెద్ద వంటమనిషి. మూడొందల మంది పిల్లలకి మధ్యాహ్నం భోజనం ఆవిడ చేతి మీదుగా వెళ్ళేది. కంప్యూటరంటే ఆమడ దూరం ఉండే మనిషికి ఈ నల్లతెర మాత్రం నచ్చింది. అడిగింది చెబుతుంది, అడగనిది చెప్పదు, మా ఆయన కంటే నయం అని బడి వంటింట్లో అందరితో అనేది. అందుకని తనకీ సొంతంగా ఒక ఖాతా తెరిచిచ్చాను. పిండి వేళ్ళతో రెండు వేళ్ళ టైపింగ్ చేసేది.

'అయింది' అని కొట్టే విషయంలో మాత్రం తనకొక పట్టింపు ఉండేది. పని అవ్వాలి, అప్పుడు కొట్టాలి. మా వెనక గుమ్మం మెట్టు విరిగితే, బాగుచెయ్యాలని ఎక్కించింది. పదకొండు వారాలు అది రోజూ పొద్దున్నే ఆ మెట్టు సంగతి ఎత్తింది. చివరికి ఒక ఆదివారం రెండు మేకులు కొట్టేసి, ఇంక తీసెయ్యమన్నాను. ఆవిడ వెళ్ళి మెట్టు మీద నిలబడి అటూ ఇటూ ఊగి చూసి, "సగం మేకులే కొట్టావు. నేనూ 'అయింది'లో సగమే కొట్టనా?" అంది. మిగతా రెండు మేకులూ కొట్టాకే ఆ మాట తెరమీదనుంచి పోయింది.

నా పద్ధతి వేరు. కాలేజీలో మా కంప్యూటర్ల విభాగంలో ఎనిమిదిమందిమి. అక్కడివాళ్ళ ఫిర్యాదులన్నీ మాకే వచ్చేవి, ప్రింటరు ఆగిందనీ, ఈమెయిళ్ళు రావడంలేదనీ. ప్రతి శుక్రవారం మా అధికారి ఎవరిదగ్గర ఎన్ని ఫిర్యాదులు తెరిచి ఉన్నాయో పేర్లతో సహా పైకి చదివేవాడు. దాంతో మాకందరికీ ఒక అలవాటు పట్టుబడింది. ముందు 'అయింది' అని కొట్టి ఫిర్యాదు మూసేస్తాం. తరవాత తీరిగ్గా వెళ్ళి ఆ పని చేస్తాం. నూటికి తొంభైసార్లు చేసేవాళ్ళం కూడా. మాలో ఎవరూ దాన్ని అబద్ధం అనుకోలేదు. బల్ల సర్దుకోవడం అనుకునేవాళ్ళం. ఆ అలవాటు నాతోపాటు ఇంటికొచ్చిందన్న సంగతి నేను గమనించలేదు.

రెండేళ్ళ క్రితం ఆగస్టులో లెంపి బడి వంటింట్లో జారిపడింది. పక్కటెముకలకి ఫోటో తీస్తే ఎముకలు బాగానే ఉన్నాయిగానీ ఊపిరితిత్తిలో బఠాణీగింజంత మచ్చ కనబడింది. ఇలాంటివి చాలామందికి ఉంటాయి, భయపడేదేం లేదు, ఆర్నెల్ల తరవాత ఇంకోసారి తీసి చూద్దాం, ఫిబ్రవరిలో ఫోన్ చేసి రోజు తీసుకోండి అన్నాడు డాక్టరు. ఆ కాగితం లెంపి నాకిచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే పాట పెట్టి అరగంట కూర్చోబెడతారు, తనకి బడిలో అంత ఖాళీ ఎక్కడిది, నన్నే చెయ్యమంది. నేను తన ఎదురుగానే టైపు చేశాను. ఫిబ్రవరి పది, లెంపి ఊపిరితిత్తుల ఫోటో, ఆసుపత్రికి ఫోన్. నా భుజం మీదుగా చదివి, ఇంక దీంతో పనిలేదని ఆ కాగితాన్ని పొయ్యిలో పడేసింది. అంత నమ్మకం ఆవిడకి.

ఆ క్రిస్మస్‌కి మా అమ్మాయి ఐలా వచ్చింది. మాకు ఒక్కతే. రెండు గంటల దూరంలో వేరే ఊళ్ళో ఉద్యోగం, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. చిన్నప్పుడు వాళ్ళమ్మ వండినదాంట్లో ఉప్పు తక్కువైందని చెప్పి తిట్లు తిన్న నోరే ఇప్పుడు దానికి జీతం తెచ్చిపెడుతోంది. నా పాత లెంపిని చూసి పడీపడీ నవ్వింది. గుర్తుచేసే మాటలు ఫోన్లకి కూడా వచ్చేట్టు చేస్తానని ఒక మధ్యాహ్నం కూర్చుని, పంపే భాగం మొత్తం విప్పి మళ్ళీ అల్లింది. ఫోనంటే నాకు చిరాకు. నాకు మాత్రం పాత పద్ధతిలోనే ఆఫీసు తెర మీదికి పంపమన్నాను.

ఫిబ్రవరి పదో తారీకున కాలేజీ ఈమెయిళ్ళ మిషను కూలబడింది. పొద్దున్నుంచి మా గది ఫోన్లన్నీ ఒకటే మోత. కాలేజీ అధ్యక్షుడి ఆఫీసునుంచి రెండుసార్లు మనిషిని పంపారు. నా తెర మీద ఎర్రటి హెచ్చరికలు వరస కట్టాయి. వాటి మధ్య లెంపి మాట ఒకటి నిలబడి ఉంది. ఊపిరితిత్తుల ఫోటో, ఆసుపత్రికి ఫోన్. భోజనం వేళ చేద్దాంలే అనుకున్నాను. పదకొండూ నలభైకి 'అయింది' అని కొట్టాను. తెర మీద ఒక వరుస తగ్గింది. ఆ రోజు నేను భోజనానికి లేవలేదు.

మార్చిలో ఒకసారి లెంపి అడిగింది, ఆ ఫోటో సంగతి ఏమైందని. అప్పటికి నాకు ఆ పదకొండూ నలభై పూర్తిగా చెరిగిపోయింది. అవకపోతే అది రోజూ చెబుతూనే ఉంటుందిగా అన్నాను. అదీ నిజమే అంది తను.

జులై మొదట్లో అడవిలో పళ్ళు కోస్తూ లెంపి దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు ఆగలేదు. పరీక్షలన్నీ చేసి, కుర్ర డాక్టరొకడు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. బఠాణీగింజ ఇప్పుడు బఠాణీగింజలా లేదు, కాలేయందాకా పాకింది. ఫిబ్రవరిలో చూసి ఉంటే కోసి తీసేసేవాళ్ళం అని కూడా అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, పాపం, నిజంగానే బాధపడుతూ అన్నాడు.

కార్లో కూర్చున్నాక లెంపి చాలాసేపు బెల్టు పెట్టుకోలేదు. తరవాత అడిగింది.

"లెంపి చెప్పలేదా వెర్నర్?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎర్రటి వరుసలు, పదకొండూ నలభై, నా వేళ్ళు, అన్నీ గుర్తొచ్చాయి. నోరు తెరిచాను.

"చెప్పలేదు," అన్నాను. "పంపే దగ్గర ఏదో తప్పున్నట్టుంది."

ఆవిడ అద్దంలోంచి బయటికి చూసింది. ఆసుపత్రి తోటమాలి ఎవరో గడ్డి కోస్తున్నాడు.

"పాపం, దానికీ వయసు మీదపడింది," అంది. "దాన్ని తిట్టకు."

నా బతుకులో నేను ఆడిన అబద్ధాలు లెక్కపెడితే బోలెడుంటాయి. ఇంతకంటే నీచమైనది మాత్రం లేదు. ఆ రాత్రే చెప్పేద్దామనుకున్నాను. మందు మొదలయ్యాక చెబుదామనుకున్నాను. జుట్టు రాలుతుంటే ఇప్పుడెందుకులే అనుకున్నాను. చెప్పకపోవడానికి ప్రతిరోజూ ఒక మంచి కారణం దొరికేది, అన్నీ ఆవిడ మేలు కోరే కారణాలే. ఏప్రిల్లో, సరస్సు మీద మంచు ఇంకా విరగకముందే, లెంపి వెళ్ళిపోయింది. చర్చి కింది గదిలో బడి వంటింటి ఆడవాళ్ళు తను నేర్పిన యాలకుల రొట్టె చేసి కాఫీతో పంచారు. ఉప్పు సమంగానే ఉందని ఐలా ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఐలా వాళ్ళమ్మ ఊలు కోటు తొడుక్కుని మెట్లు దిగొచ్చింది. ఆ ప్రోగ్రాం నాకివ్వు నాన్నా అంది. అమ్మకి చెప్పాల్సిన రోజున అదెందుకు చెప్పలేదో తనకి తెలియాలట. ఇప్పుడు తెలిసి ఏం లాభమే అన్నాను. లాభం కోసం కాదంది.

మూడు రోజులు వంటింటి బల్ల దగ్గరనుంచి కదల్లేదు. మూడొందల వరుసలూ పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చదివింది. ప్రోగ్రాం నకలు ఒకటి తీసి, దాని గడియారాన్ని ఫిబ్రవరి పదికి తిప్పి నడిపింది. గుర్తుచేసింది. లీపు సంవత్సరం పెట్టి నడిపింది. గుర్తుచేసింది. ఇక్కడ ఏటా మార్చిలో గడియారాలు గంట ముందుకి జరిపే రోజు పెట్టి, మధ్యలో తీగె పీకి, మళ్ళీ పెట్టి, ఎన్ని చేసినా అది బుద్ధిగా గుర్తుచేస్తూనే ఉంది. నేను బేకరీనుంచి మాంసం కూరిన పాస్టీలు తెచ్చి, వేడిచేసి పక్కన పెట్టేవాణ్ణి. అవి చల్లారిపోతే తీసి మళ్ళీ వేడిచేసేవాణ్ణి. ఇంక చాలమ్మా, పడుకో అని మాత్రం అనేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం నాకు తట్టింది. ప్రోగ్రాంలో దొరక్కపోతే తరవాత ఐలా చూసేది చిట్టా. ఏ మాట ఎప్పుడు పంపిందో, 'అయింది' అని ఎవరు ఎన్నింటికి కొట్టారో, లెంపి అంతా ఒక చిట్టాలో రాసుకుంటుంది. అలా రాసుకునేట్టు చేసింది నేనే. బట్టల బుట్ట ఒకటి చంకన పెట్టుకుని నేలమాళిగలోకి దిగాను. ఉన్నమాట చెబుతాను, ఆ రెండు వరుసలూ చెరిపేద్దామనే దిగాను. మా వృత్తిలో ఏ తప్పయినా చేస్తాంగానీ చిట్టా మీద చెయ్యి వెయ్యం. నలభై ఏళ్ళలో నేనెప్పుడూ వెయ్యలేదు.

చిట్టా తెరిచాను. ఫిబ్రవరి తొమ్మిది, కారు ఆయిలు. ఫిబ్రవరి పదకొండు, కప్పు మీద మంచు. మధ్యలో పదో తారీకు లేదు. పంపిన వరుసా లేదు, 'అయింది' వరుసా లేదు.

మొదట నాకు కలిగింది ఊరట. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. తరవాత లెక్క వేసి చూశాను. ఆ మిషన్లోకి వెళ్ళగలిగేది ముగ్గురమే. నేను తియ్యలేదు. ఐలా తీసి ఉంటే పైన మూడు రోజులుగా వెతకదు. ఎవరు ఏం టైపు చేసినా తేదీతో సహా దాచిపెట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది, అదీ నా పాత అలవాటే. లెంపి ఖాతా తెరిచి చూశాను.

ఆగస్టు రెండు, సాయంత్రం నాలుగు గంటలు. కుర్ర డాక్టరు మాకు చెప్పిన మూడో రోజు. చిట్టా చూపించమని అడిగింది. పేరు తప్పు కొట్టి, మళ్ళీ కొట్టింది. ఫిబ్రవరి వెతికింది. ఆ రెండు వరుసలూ చూసి ఉంటుంది, పంపాననీ, అయిందనీ, పక్కన నా పేరూ, పదకొండూ నలభై. తరవాత వాటిని చెరిపింది. అది చేతకాక నాలుగుసార్లు ప్రయత్నించింది. ఇరవై నిమిషాలు పట్టింది. అన్నిటికంటే కింద, వెళ్ళిపోయేముందు, ఇంకో పని ఎక్కించింది. శనివారం, చేపలు కొనాలి, వెర్నర్‌కి పులుసు.

ఆ శనివారం నాకు గుర్తుంది. పాలూ బంగాళాదుంపలూ వేసి చేసిన చేపల పులుసు. నేను రెండు గిన్నెలు తాగాను. నీ చేతికి జబ్బేమీ రాలేదే అని మెచ్చుకున్నాను కూడా. అప్పటికే ఆవిడకి తెలుసు. ఆ తరవాత ఎనిమిది నెలలు నా పక్కన పడుకుంది, మందు వేళకి నన్నే లేపింది, ఓపిక ఉన్న శనివారాలు సౌనాలో నా వీపు రుద్దింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఆవిడ దగ్గర దాస్తున్నాననుకున్నాను, ఆవిడేమో నన్ను దాచింది. బట్టల బుట్ట మీదే కూలబడి, మిషను మోతలో నా ఏడుపు పైకి వినబడదులే అని ఏడ్చాను.

పైకి వచ్చేసరికి ఐలా తన కంప్యూటరు మూసేసి కూర్చుని ఉంది.

"ఇక్కణ్ణుంచే చిట్టా తెరిచి చూశాను నాన్నా," అంది. "అసలు పంపనే లేదు. క్రిస్మస్‌కి ఆ భాగం విప్పింది నేనేగా. ఎక్కడో నేనే పాడుచేశాను. ఎంత వెతికినా దొరకట్లేదు, కానీ నేనే. అమ్మని నేనే..."

మూడు రోజులుగా అది వెతుకుతున్నది నా తప్పు కాదు, తన తప్పు. ఆ భయంతోనే ఇంటికి వచ్చింది. నన్ను కాయడానికి లెంపి తీసేసిన వరుసలు ఐలా నెత్తిన పడతాయని లెంపికి తెలియదు.

కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. నాకు వెంటనే ఒక అబద్ధం తట్టింది, చక్కటిది. ఆ పొద్దున మంచుతుఫానుకి కరెంటు పోయిందనీ, ఆ పూట మిషను నడవనే లేదనీ చెప్పొచ్చు. దానితో ఐలా బయటపడుతుంది, నేనూ బయటపడతాను, తప్పు మంచుది అవుతుంది. ఐలా మళ్ళీ మిషను వైపు చూసేలోపే నేను దానికి సాక్ష్యం కూడా తయారుచెయ్యగలను. ముందు 'అయింది' కొట్టి తరవాత చూసుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. నా కళ్ళు ఎందుకో వెనక గుమ్మం మెట్టు మీదికి పోయాయి. నాలుగు మేకులూ ఉన్నాయి.

"నీ తప్పు లేదమ్మా," అన్నాను. "ప్రోగ్రాం తప్పూ లేదు. అది చెప్పాల్సిన రోజున చెప్పింది. 'అయింది' అని కొట్టింది నేను."

"మరి ఫోన్ చేశావా?"

"లేదు."

ఐలా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు. చిట్టాలో ఆ రెండు వరుసలు తీసేసింది అమ్మే."

కిందికి వెళ్ళి తన కళ్ళతో చూసుకుంది. చాలాసేపటికి పైకొచ్చింది. అరుస్తుందనుకున్నాను. గిన్నెలు విసిరినా పడదామనుకున్నాను. మెల్లిగా సంచి సర్దుకుంది.

"అమ్మ సంగతి అమ్మ చూసుకుంది," అంది గుమ్మంలో. "నేను మూడు రోజులు ఇక్కడ కూర్చుని నన్ను నేను చంపుకుంటుంటే, నువ్వు పాస్టీలు వేడిచేసి పెట్టావు."

కరిగిన మంచులో కారు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఆ సాయంత్రమే చిట్టా తెరిచి ఆ రెండు వరుసలూ మళ్ళీ రాశాను, టైముతో సహా. లెంపి తీసేసినవి తిరిగి పెట్టడానికి చెయ్యి రాలేదు. అయినా పెట్టాను. తరవాత ఒక కొత్త పని ఎక్కించాను. రోజూ, ఐలాతో మాట్లాడు.

రోజూ పొద్దున ఏడింటికి అది చెబుతుంది. ఎనిమిదింటికి నేను ఫోన్ చేస్తాను. మోగి మోగి ఆగిపోతుంది. పాత వెర్నర్ అయితే, ఫోన్ చేశాంగా, మన పని అయినట్టే అని కొట్టేసేవాడు. ఫోన్ చెయ్యమని కాదు అందులో ఉన్నది, మాట్లాడమని. అది ఇంకా అవలేదు. జూన్లో ఉద్యోగం మానేశాను. ఇంక నా దగ్గర తెరిచి ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే.

ఆ పని ఎక్కించేటప్పుడు ఐలా ఫోన్ నంబరు కూడా చేర్చాను, ఎలా చేర్చాలో తనే క్రిస్మస్‌కి నేర్పింది. విసిగించడానికి కాదు. నేను దొంగ 'అయింది' కొట్టడంలేదని తనకి తెలియాలి, అంతే. కాబట్టి రోజూ ఏడింటికి అదే మాట ఐలా ఫోన్‌కీ వెళుతుంది. తనకి అక్కర్లేకపోతే ఆపడం ఎంతసేపు. ఖాతా ఉంది, పంపే భాగం రాసింది తనే, ఒక్క 'అయింది' కొడితే చాలు, నాకు చెప్పాల్సిన పని కూడా లేదు.

అందుకే కాఫీ పెట్టుకోకముందే కిందికి దిగి చిట్టా తెరుస్తాను. పంపాను, పంపాను, పంపాను అని వరసగా ఉంటాయి. ఇవాళ్టిది నూట నలభైమూడోది. దాని కింద 'అయింది' లేదు. నేను కొట్టలేదు. ఐలా కూడా ఇంకా కొట్టలేదు.